ఆయన దీపాలు

చలికాలం వచ్చిందంటే రాజమ్మ కోడి కూయకముందే లేచేది. పెరట్లో పొయ్యి రాజేసి బిందెడు నీళ్ళు పెట్టేది. ఆ నీళ్ళు స్నానానికీ కాదు, కాఫీకీ కాదు. కారుకి. రేడియేటర్లో గోరువెచ్చటి నీళ్ళు పడితే గాని నతానియేలు పాత ఆస్టిన్ కారుకి చలి వదిలేది కాదు. ఆమె మూత తీసి నీళ్ళు పోస్తుంటే నతానియేలు ముందు వంగి హ్యాండిల్ తిప్పేవాడు. కారు నాలుగుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, అప్పుడు గుర్రుమనేది. ఆ చప్పుడు విని బందరు పరాసుపేటలో ఇరుగుపొరుగువాళ్ళు "నతానియేలు బయల్దేరాడు, ఏ తల్లికో నొప్పులొచ్చాయి" అనుకుని మళ్ళీ దుప్పటి కప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు డిసెంబరులో మాత్రం పొయ్యి బారెడు పొద్దెక్కాక గాని వెలగడం లేదు. రాజమ్మకి మెలకువ మామూలు వేళకే వచ్చేది. పక్క మంచం మీద నతానియేలూ మేలుకునే ఉండేవాడు. ఒకళ్ళు మేలుకున్నట్టు ఒకళ్ళకి తెలియకుండా ఇద్దరూ కళ్ళు మూసుకుని పడుకునేవాళ్ళు. మిషను ఆసుపత్రి నుంచి పిలుపు రావడం లేదు. అది ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోవడమెందుకు?

నతానియేలుది తోట్లవల్లూరు పక్కన పల్లె. తండ్రి ఆసాముల దగ్గర పాలేరు. మందుల పెట్టెతో ఊళ్ళు తిరిగే దొర డాక్టరు కారు ఒకసారి కాలవగట్టు బురదలో కూరుకుపోతే, తొయ్యడానికి వచ్చిన కుర్రాళ్ళలో నతానియేలు ఒకడు. కారు కదిలాక అందరూ ఇళ్ళకి పోయారు. ఈయన మాత్రం కారు వెనకాలే బందరు దాకా నడిచొచ్చాడని చెప్పుకుంటారు. నిజమేనా అని రాజమ్మ పెళ్ళయిన కొత్తలో అడిగితే, "ఉయ్యూరు దాకా నడిచాను. అక్కణ్ణుంచి ఎవరి బండో ఎక్కాను. జనానికి అంత వివరం ఎందుకులే" అన్నాడు. ముందు కారు కడిగాడు, తర్వాత టైర్లు మార్చాడు, ఆ తర్వాత తోలాడు. దొర తన దేశం వెళ్ళిపోతూ తాళం ఈయన చేతిలో పెట్టాడు. "ఆసుపత్రి పిలిస్తే మాత్రం రానని అనకు" అన్నాడట. నతానియేలు అనలేదు. పగలంతా కోనేరు సెంటర్లో టాక్సీ తోలుకునేవాడు. ఆసుపత్రి పిలిస్తే ఏ వేళైనా సరే, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ కోటు తొడుక్కుని మరీ వెళ్ళేవాడు. "పురిటికి వెళ్ళడానికి కోటెందుకండీ?" అని రాజమ్మ నవ్వితే, "లోకంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు చూసేది నన్నే కదే" అనేవాడు. అదీ అబద్ధం కాదు. ఘంటసాల దగ్గర ఒక పిల్ల కార్లోనే పుట్టింది. ఆ పిల్ల బారసాల పేరు ఏదైతేనేం, ఊరంతా కారమ్మ అనే పిలిచేవాళ్ళు.

పురిటి పిలుపులకి రాజమ్మ కూడా వెళ్ళేది. కారంటే ఎరగని ఆడవాళ్ళు, పక్కన తోడు కూర్చునేందుకు ఓ ఆడమనిషి ఉంటే ధైర్యపడతారు. ఆమె వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది. ఆమె చెల్లెలు జీవరత్నాన్ని నాగాయలంక దగ్గర ఇచ్చారు. నొప్పులొచ్చి బిడ్డ కదలకపోతే, తెల్లారాక బయల్దేరదాం, ఈ చీకట్లో దారి కనబడదు అన్నారట. తెల్లారాక ఎడ్లబండిలో బయల్దేరారు. జీవరత్నం చల్లపల్లి దాటలేదు. ఆ సంగతి రాజమ్మ ఎవరితోనూ మాట్లాడదు. కారు పిలుపొస్తే మాత్రం ఒంట్లో జ్వరమున్నా లేచి వెళ్తుంది.

అట్లాంటి కారుకి కళ్ళు మసకబారాయి. హెడ్‌లైట్లు రానురాను ఆముదం దీపాల్లా తయారయ్యాయి. నతానియేలుకి దారి కొట్టిన పిండి కాబట్టి నెట్టుకొచ్చాడు. కాని కిందటి నెలలో ఓ తెల్లవారుజామున, ఎవడో వరి మోపుల బండిని రోడ్డు మీదే ఆపి నిద్రపోయాడు. కారు లైట్లకి ఆ బండి పక్కకొచ్చేదాకా కనబడలేదు. నతానియేలు పక్కకి కోశాడు. ముందు చక్రం పంటబోదెలో దిగింది. కారులో ఉన్న నర్సు నుదురు తగిలి చిట్లింది.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మగారు కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"నీ చెయ్యి మీద నాకు నమ్మకం ఉంది నతానియేలూ. నీ లైట్ల మీద లేదు. అవి బాగయ్యేదాకా వెలుతురు లేనప్పుడు నిన్ను పిలవను. ధనరాజు కారుని పిలుస్తాను" అంది.

ధనరాజుది కొత్త కారు. స్టాండులో నతానియేలు కారు పక్కనే పెట్టేవాడు. వరస లేకపోయినా బావా అని పిలిచి ఏడిపిస్తుండేవాడు. ఆ మర్నాటి నుంచి ఏడిపించడం ఎక్కువైంది.

నతానియేలు బెజవాడ నుంచి పెద్ద బల్బులు తెప్పించి బిగించాడు. లాభం లేకపోయింది. పైగా బ్యాటరీ నీరసించిపోయింది. చివరికి ఒకనాడు, "గుడివాడ వెళ్ళి సీతారామయ్యగారికి చూపిద్దాం, రా" అని రాజమ్మనీ ఎక్కించుకుని వెళ్ళాడు. సీతారామయ్య రైసు మిల్లు ఇంజన్ల దగ్గర్నుంచి లారీల దాకా ముట్టుకోని ఇనుము లేదు. లైటు ముందరి అద్దం విప్పి, బల్బు వెనకాల ఉండే గిన్నెని బయటికి తీశాడు. బల్బు వెలుగునంతా పోగుచేసి ముందుకి నెట్టేది ఆ గిన్నే. అది పాలు మాడిన దబరలా నల్లగా ఉంది.

"ఇదయ్యా నీ జబ్బు. బల్బు ఎంత పెద్దది పెడితే ఏం? వెలుగంతా ఇదే మింగి కూర్చుంటోంది." ఆయన గిన్నెని ఎండకి తిప్పి చూశాడు. "ఇదెవరు తోమారు?"

నతానియేలు ఆకాశం కేసి చూశాడు. రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కిందటి క్రిస్మస్‌కి నేనేనండీ. మసకేసి ఉంటే చింతపండూ బూడిదా పెట్టి తోమాను. తళతళ్ళాడిపోయాయండీ అప్పుడు."

"తళతళ్ళాడవూ మరి! దీనికి పూత ఉంటుంది చెల్లెమ్మా. ఆ పూతంతా పులుసులో పోసేశావు. కింద ఇత్తడి బయటపడి మెరిసింది. నాలుగు రోజులు పోయాక ఇత్తడి తన గుణం చూపించింది. మీ బందరు ఉప్పుగాలి ఒకటి తోడాయె."

"మరిప్పుడెట్టాగండీ?"

"ఏముంది, మళ్ళీ పూత పెట్టిస్తే కొత్త పెళ్ళికూతురే. చిలకలపూడి మీ గుమ్మంలోనే ఉంది కదా. పూతపనిలో ఆ గిల్టు నగలవాళ్ళని మించినవాళ్ళెవరు?"

ఆయన సన్నటి తీగలు పీకేసి లావువి వేశాడు. డైనమో విప్పి శుభ్రం చేశాడు. కొత్త బల్బులకి ఇప్పుడు కడుపునిండా కరెంటు అందుతుందన్నాడు. ఆ మధ్యాహ్నమంతా పూత, పూత అని ఎన్నోసార్లు అనుకున్నారు గాని, వెండి అన్న మాట ఎవరి నోటా రాలేదు. మగాళ్ళిద్దరికీ అది చెప్పక్కర్లేని మాట. రాజమ్మకి తెలియని మాట.

మర్నాడు నతానియేలు పెడన అద్దకం బట్టల వర్తకుణ్ణి బెజవాడ తీసుకెళ్ళాలి. పగటి బాడుగ కాబట్టి లైట్లు లేకపోయినా ఫర్వాలేదు. గిన్నెలు రెండూ గుడ్డలో చుట్టి రాజమ్మకిచ్చాడు.

"చిలకలపూడిలో బసవయ్యగారని ఉన్నాడు. పూత పెట్టించుకురా. చూస్తే అతనికే తెలుస్తుంది."

రాజమ్మ ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ముగించుకుని, తెల్లచీరతో, కీర్తనల పుస్తకం చేతిలో ఉండగానే, తిన్నగా రిక్షా ఎక్కి చిలకలపూడి వెళ్ళింది. బసవయ్య వసారాలో కూర్చుని గాజులకి మెరుగు పెడుతున్నాడు. నుదుట విభూతి, ముక్కు చివర కళ్ళజోడు.

"ఏం తెచ్చావమ్మా?"

"దీపాలవండీ. పూత పెట్టాలి."

బసవయ్య గుడ్డ విప్పి గిన్నెలు చూశాడు. "దీపాలవా! పెద్ద దీపాలే. ఎవరివమ్మా ఇవి?"

రాజమ్మ తల దించుకుంది. పెళ్ళయిన్నాటి నుంచి మొగుడి పేరు పెదవి దాటించిన మనిషి కాదు. జనాభా లెక్కల వాళ్ళొచ్చినా పక్కింటావిడ చేత చెప్పించింది.

"ఆయనవండీ" అంది.

బసవయ్య ఆమె తెల్లచీర చూశాడు. చేతిలో కీర్తనల పుస్తకం చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఓహో. ఆయనవా" అని గిన్నెని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అడుగున ఈ చిల్లేంటి?"

"బల్బు దూరుతుందండీ."

"కరెంటు దీపాలన్నమాట. బాగుంది. ఏ పూత పెట్టమంటావు?"

"నాకేం తెలుసండీ. ఆయనకి తగ్గట్టు మీరే పెట్టండి. చీకట్లో దారి కనబడాలి. పురిటి మంచం మీద ఉన్నవాళ్ళు ఆయన ఎప్పుడొస్తారా అని కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తుంటారండీ."

"నిజమమ్మా" అన్నాడు బసవయ్య మెత్తగా. "ఆపదలోనే కదా తలుచుకునేది. ఏ పేరున పిలిచినా ఒకటే. ఇంక నువ్వేం చెప్పకు. పై వారం రా."

పై వారం కూడిక అయ్యాక మళ్ళీ తెల్లచీరతోనే వెళ్ళేసరికి గిన్నెలు కొత్త పసుపు గుడ్డలో మూటకట్టి పీట మీద పెట్టి ఉన్నాయి. బసవయ్య లేచి నిలబడి మూట అందించాడు.

"దారిలో విప్పకమ్మా. చెయ్యి తగిలితే మచ్చపడుతుంది. తిన్నగా తీసుకెళ్ళి ఆయన ముందే విప్పు. నేను పూజ చేసుకుని మరీ మొదలెట్టాను ఈ పని. నా దణ్ణం కూడా చెప్పు."

రిక్షాలో వస్తున్నంతసేపూ రాజమ్మ మనసు నిండిపోయింది. అంత పెద్ద పనివాడు, ఊళ్ళో నలుగురూ మన్నించే మనిషి, లేచి నిలబడి దణ్ణం చెప్పమన్నాడు! బందర్లో ఆయనకి ఇంత పేరుందని తనకే తెలియదు. ఇంటికి రాగానే నతానియేలుని అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా చాప పరిచి, మూట విప్పింది.

రెండు గిన్నెలూ మేలిమి బంగారంలా ధగధగలాడుతూ బయటపడ్డాయి. ఎండ తగిలి అరుగు గోడ మీద రెండు పచ్చటి చందమామలు లేచాయి.

నతానియేలు గోడనీ గిన్నెల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమే, కారుకి నగలు చేయించావా?"

"బాగా లేవాండీ?"

"బాగుండటానికేం, మెళ్ళో వేసుకోవచ్చు. వెండి పెట్టాలే వీటికి! నువ్వేమని చెప్పావు?"

"మీవని చెప్పాను."

"నా పేరు చెప్పావా?"

"మీ పేరు నా నోటితో నేనెట్టా చెప్తానండీ! ఆయనవని చెప్పాను."

"ఆయనంటే?"

"ఆయనంటే మీరు కాక ఇంకెవరు?"

నతానియేలు ఆమె తెల్లచీర కేసి చూశాడు. "కిందటి వారం కూడా కూడిక నుంచి తిన్నగా వెళ్ళావు కదూ. చేతిలో కీర్తనల పుస్తకం కూడా ఉందా?"

"ఉంది. ఏం?"

"ఇంకేం చెప్పావు అతనితో?"

"పురిటి మంచం మీదున్నవాళ్ళు ఆయన ఎప్పుడొస్తారా అని చూస్తుంటారని..."

నతానియేలు అరుగు మీదే వెనక్కి వాలిపోయాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "దేవుడికి పెట్టాల్సిన పూత డ్రైవరుకి పెట్టించావే" అని మళ్ళీ నవ్వాడు. సంగతి అర్థమయ్యేసరికి రాజమ్మ నాలిక కరుచుకుని లోపలికి పారిపోయింది.

నవ్వు తగ్గాక ఆయన మొహం మారింది. "డాక్టరమ్మగారికి ఏ మొహం పెట్టుకుని చూపించనే వీటిని? లైట్లు బాగుచేయించమంటే తమాషా చేస్తున్నానంటుంది." గుంటలు ఖాళీగా పెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతాడు? అప్పటికి వాటినే బిగించాడు. "సోమవారం విప్పిస్తాను. తీసుకెళ్ళి వెండి పెట్టమను. నా పేరు చెప్పకపోతే మానె, వెండి అన్న మాట మాత్రం చెప్పు తల్లీ."

శనివారం పొద్దున రాజమ్మ కూరలకి కోనేరు సెంటరు వెళ్ళింది. స్టాండు దగ్గర జనం మూగి ఉన్నారు. ధనరాజు గొంతు ఇవతలికి వినబడుతోంది.

"ఏం బావా! కళ్ళకి గిల్టు పెట్టించావు, మరి కాసులపేరో? వడ్డాణమో? చిలకలపూడి అల్లుడివైపోయావు బావా నువ్వు! ఒరే, అద్దానికి దిష్టిచుక్క పెట్టండ్రా, గిల్టుకళ్ళ సుందరికి దిష్టి తగుల్తుంది!"

అందరూ గొల్లుమన్నారు. మాటకి మాట ఇవ్వడంలో నతానియేలుని మించినవాడు ఆ స్టాండులో లేడు. ఆ రోజు మాత్రం తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట అంటే బావుండును, ఒక్కటంటే ఒక్కటి, అనుకుంటూ రాజమ్మ కూరలు కొనకుండానే తిరిగొచ్చేసింది.

ఆదివారం ఇంకా తెల్లారలేదు. తలుపు చప్పుడైంది. ఆసుపత్రి వాచ్‌మన్ సైకిలు మీద వచ్చాడు. మంచుకి మీసాలు తడిసి ఉన్నాయి.

"అవనిగడ్డ నుంచి ఫోనొచ్చిందండీ. పడవ మీద తెచ్చారంట ఎవరినో. బిడ్డ అడ్డం తిరిగిందంట. ధనరాజు కారు బెజవాడ వెళ్ళింది. మీ లైట్లు బాగయ్యాయా అని అడిగి రమ్మన్నారు డాక్టరమ్మగారు."

నతానియేలు గుమ్మంలో నిలబడిపోయాడు. అయ్యాయనడమా, కాలేదనడమా? ఆయన తేల్చుకునేలోపు పెరట్లో పొయ్యి చిటపటలాడింది. రాజమ్మ బిందె ఎక్కించేసింది.

ఆసుపత్రి మెట్ల మీద డాక్టరమ్మగారు సంచీతో నిలబడి ఉంది. పొగమంచు ఎంత ఉందంటే, మెట్లు దిగిన మనిషి నడుం దాకే కనబడుతోంది.

"ఏదీ, వెయ్యి లైట్లు."

నతానియేలు మీట నొక్కాడు. మంచులోకి పచ్చటి వెలుగు పరుచుకుంది.

"ఇదేం రంగు?"

"పొరపాటున బంగారప్పూత పడిందమ్మా. రేపు తీయించేస్తాను."

ఆమె నవ్వలేదు. "ఆ గేటు అవతల ఏముంది? చెప్పు."

నతానియేలు అద్దంలోంచి చూశాడు. "పాలబ్బాయమ్మా. సైకిలు దిగి నడుస్తున్నాడు. రెండు క్యాన్లు కట్టాడు."

"నాకు లైటు వెయ్యకముందు గేటే కనబడలేదు" అని ఆమె కారెక్కింది. "పద."

ఊరు దాటాక మంచు ఇంకా చిక్కబడింది. కోతలైపోయిన చేల మీంచి పాలపొంగులా రోడ్డు మీదికి వచ్చేస్తోంది. రాజమ్మ వెనక సీట్లో డాక్టరమ్మగారి పక్కన కూర్చుని ముందుకి వంగి చూస్తోంది. ఎప్పుడూ దారి చూసేది కాదు, ఆయన వీపు చూస్తూ కూర్చునేది. ఆ రోజు దారి చూసింది. పసుపు రాసిన గడపలా రోడ్డు ముందు మెరుస్తూ పోతోంది. వెలుగు మంచుని గుద్దుకుని వెనక్కి రావడం లేదు, కిందకి వంగి దుమ్మునీ గతుకునీ పట్టి చూపిస్తోంది. రంగు వల్లో, గిన్నెలు కొత్తవవడం వల్లో, సీతారామయ్య వేసిన తీగల వల్లో, ఆమెకి తెలియదు. కుప్ప మీద కూర్చున్న కొంగ దాకా కనబడింది.

చల్లపల్లి దాటాక ఒక లారీ రోడ్డు వారగా ఆగి ఉంది. దాని లైట్ల ముందు తెల్లటి గోడ కట్టినట్టుంది మంచు. డ్రైవరు చెయ్యి ఊపాడు.

"ఎక్కడికండీ ఇందులో? ముందు చక్రం కనబడట్లేదు! అక్విడక్టు మీద ఏమైనా అయితే నీళ్ళలోకే!"

"నాకు కనబడుతోంది తమ్ముడూ. కావాలంటే నా వెనకాల రా" అన్నాడు నతానియేలు.

కారు బోదెలో దిగిన రోజు తర్వాత ఆయన నోటి నుంచి ఆ గొంతు వినడం అదే. రాజమ్మ సీటుని గట్టిగా పట్టుకుంది, భయానికి కాదు.

లారీ నిజంగానే వెనకాల వచ్చింది. కాలవని కృష్ణ పాయ మీంచి దాటించే ఆ పులిగడ్డ అక్విడక్టు మీద దారి సన్నం. అంచు తప్పితే అడుగున నీళ్ళు. నది మీద మంచు అసలే దట్టం. నతానియేలు కారుని నడకకి దించాడు. లైట్ల వెలుగులో పక్కగోడ అంచు ఇంచీ ఇంచీ ముందుకొచ్చి వెనక్కి పోతోంది. డాక్టరమ్మగారు పెదవులు కదుపుతోంది, ప్రార్థన కాబోలు. రాజమ్మ ప్రార్థించడం మర్చిపోయింది. ఈ దారిలోనే జీవరత్నం ఎడ్లబండి వచ్చి ఉంటుంది ఆ రోజు. తెల్లారాక.

గోడ అయిపోయింది. నేల వచ్చింది. వెనకాల లారీవాడు హారన్ రెండుసార్లు కొట్టాడు, దణ్ణం పెట్టినట్టు.

అవనిగడ్డలో మందులిచ్చే గది ముందు జనం లేచి నిలబడ్డారు. పురిటి మనిషి పేరు మంగతాయారు. అత్తగారు గంగాదేవి వసారా స్తంభం పట్టుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. డాక్టరమ్మగారు లోపలికెళ్ళి తలుపేసుకుంది. రాజమ్మ గంగాదేవి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏం మాట్లాడాలో ఆమెకెప్పుడూ తెలియదు, అందుకని చెయ్యే పట్టుకుంటుంది. మంచు కరుగుతూ, కొబ్బరాకుల కొసలు బయటపడుతున్న వేళకి లోపల ఒక కీచుగొంతు లేచింది. ముందు సన్నగా, తర్వాత ఊరు లేచిపోయేట్టు.

"ఆడపిల్ల. ఇద్దరూ బావున్నారు" అంది డాక్టరమ్మగారు తలుపు తీసి. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే నేను చేసేదేం ఉండేది కాదు."

గంగాదేవి రాజమ్మ చెయ్యి వదల్లేదు. "ఆ పచ్చటి దీపాలు మంచులోంచి వస్తుంటే ఏంటో అనుకున్నానమ్మా. ఎవరమ్మా మీరు?"

"ఆ కారు తోలేది మా ఆయనండీ."

"ఆయన పేరేంటమ్మా? రేపు ఈ పిల్ల పెద్దయ్యాక అడిగితే చెప్పుకోవద్దూ?"

రాజమ్మ ఆవరణలోకి చూసింది. నతానియేలు దూరంగా, ఖాకీ కోటు మీద మంచు తడితో, లైటు అద్దం తుడుస్తున్నాడు. ఇక్కడ చెప్పించడానికి పక్కింటావిడ లేదు. ఇంకోసారి ఆయన అని ఊరుకోవడానికి మనసొప్పలేదు.

"నతానియేలు" అంది.

"నత్తా...?"

"న-తా-ని-యే-లు."

"అబ్బో, నోరు తిరగట్లేదమ్మా. ఇంకోసారి."

"నతానియేలు అండీ! నతానియేలు!"

ఆవరణలో ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. తలెత్తి చూశాడు. రాజమ్మ గిరుక్కున స్తంభం చాటుకి తిరిగింది, చెవుల దాకా వేడెక్కి.

తిరిగొచ్చేటప్పుడు మంగతాయారునీ పసిదాన్నీ వెనక సీట్లో వేసుకున్నారు. ఆసుపత్రి దగ్గర దిగి డాక్టరమ్మగారు ముందు కిటికీలోకి వంగింది.

"ధనరాజుకి కబురు పెడుతున్నాను నతానియేలూ. ఇక నీ కారే వస్తుంది, ఏ వేళైనా."

"అట్టాగేనమ్మా" అన్నాడు నతానియేలు. అంతే అన్నాడు. కాని ఇంటికొచ్చేటప్పుడు కోనేరు సెంటరు మీంచి రావాల్సిన పని లేకపోయినా ఆ దారినే వచ్చాడు. పట్టపగలు లైట్లు వేసుకుని, చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మరీ వచ్చాడు.

సాయంత్రం ఇంటి ముందు ఓ రిక్షా ఆగింది. బసవయ్య దిగాడు, చేతులు నలుపుకుంటూ.

"అమ్మా, నా దీపాలు వెలుగుతుంటే చూద్దామని మీ గుడికెళ్ళాను. లేవే! అక్కడెవరో నవ్వి ఇటు పంపించారు."

నతానియేలు కారు చూపించి, సంగతంతా చెప్పాడు. బసవయ్య వంగి, ఒక కన్ను మూసి, అద్దంలోంచి తన పనిని చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మనిషి దీపాలకి దేవుడి పూత పెట్టానన్నమాట. తప్పు నాదే. రేపు పంపించండి, గీకేసి వెండి పెడతాను." తర్వాత తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "వెండి ఈ ఉప్పుగాలికి ఏడాది ఆగదనుకోండి. దీనికా భయం లేదు. తోమకపోతే చాలు."

ఆ మాట అంటూ ఆయన రాజమ్మ కేసి చూడలేదు. నతానియేలు చూశాడు.

ఆ పూత నతానియేలు ఉన్నన్నాళ్ళూ నల్లబడలేదు. దివిసీమలో ఆ కారుని ఆస్టిన్ అనేవాళ్ళు లేరు, పసుపుకళ్ళ కారు అనేవాళ్ళు. నెల తిరక్కుండా ధనరాజు మొహం అటు తిప్పుకుని, "బావా, ఆ బసవయ్య ఇల్లు ఏ వీధి?" అని అడిగాడు కూడా.

అదంతా తర్వాత. ఆ సోమవారం పొద్దున నతానియేలు పానా, స్క్రూడ్రైవరూ తెచ్చి అరుగు మీద పెట్టాడు. కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. "విప్పనా మరి?" అన్నాడు ఇంట్లోకి వినబడేట్టు.

రాజమ్మ గోంగూర ముందేసుకుని ఆకు దూస్తోంది. "మీ ఇష్టం" అంది.

"నువ్వు తీసుకెళ్తానంటే విప్పుతాను."

ఆమె ఇంకో కాడ అందుకుంది. వీధిలో రిక్షా గంట మోగింది. శుక్రవారమే చెప్పి ఉంచిన రిక్షావాడు.

"అమ్మగారూ, చిలకలపూడి అన్నారు కదండీ! రండి, ఎండెక్కిపోతోంది!"

"ఇవాళ కాదులే అబ్బాయ్" అంది రాజమ్మ.

"రేపు రమ్మంటారా?"

"చెప్పంపిస్తాలే."

రిక్షా వెళ్ళిపోయింది. నతానియేలు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని హ్యాండిల్ అందుకున్నాడు. రాజమ్మ ఇంకో గోంగూర కట్ట విప్పుకుంది.